ఇతరుల కొరకు ప్రార్థన, దేవునియందు నమ్మిక: ఉద్దాన తీర సంఘచరిత్ర నేర్పే పాఠము

ఉపోద్ఘాతము

పలాస, టెక్కలి, సోంపేట ప్రాంతములలోని సంఘములలో ఆదివారపు ఆరాధనలో విజ్ఞాపన సమయము వచ్చేసరికి చిన్న చిన్న కాగితపు చీటీలు కాపరి చేతికి వస్తాయి. వలస వెళ్లిన కుమారుని కొరకు, వేటకు వెళ్లిన భర్త కొరకు, జీడి పరిశ్రమలో పని దొరకని కుమార్తె కొరకు ప్రార్థించమని వాటిలో రాసి ఉంటుంది. ఉద్దాన గ్రామముల నుండి వచ్చే చీటీలలో మాత్రము చాలా కాలముగా ఒకే మాట మరల మరల కనిపిస్తున్నది: కిడ్నీ. కొందరు రక్తపరీక్షలో వచ్చిన క్రియాటినిన్ అంకెను కూడా పేరు పక్కన రాస్తారు.

ఆ చీటీని చేతిలో పట్టుకొని నిలిచిన కాపరి దేనిని నమ్మి ప్రార్థించాలి? రోగి లేచి నడుస్తాడని నమ్మాలా? లేవకపోతే ఆ నమ్మిక వ్యర్థమేనా? ఈ ప్రశ్న తప్పించుకొనుటకు మనము రెండు దారులు పట్టుచున్నాము. కొందరము దేవుడు చెప్పని మాటను ఆయన పేరిట వాగ్దానము చేస్తున్నాము. మరికొందరము ఏమీ ఆశించకుండా అలవాటుగా పేర్లు చదివి ముగిస్తున్నాము. మొదటిది ధైర్యముగాను, రెండవది వినయముగాను కనిపిస్తుంది గాని, రెండింటిలోను దేవునియందు నమ్మిక లోపించినదని మా అభిప్రాయము.

ఈ వ్యాసములో మేము ఈ తీరపు సంఘచరిత్రలోనికి వెళ్లి, ఇక్కడ ఇతరుల కొరకు ప్రార్థించినవారు దేనిని నమ్మారో పరిశీలించ దలచాము.

1. పేరు తెలియని ప్రజల కొరకు

ఈ ప్రాంతపు బాప్టిస్టు సంఘముల మూలము వెదకుచూ వెళితే మనము కెనడా దేశపు తూర్పు తీరమునకు చేరుతాము. నోవా స్కోషియాలోని కాన్సో అనే ఓడరేవు ఊరిలో 1842లో జన్మించిన హన్నా మరియా నారిస్ అనే ఉపాధ్యాయిని బర్మాకు మిషనెరీగా వెళ్ల గోరింది. ఆమెను పంపుటకు తగిన ధనము అక్కడి బాప్టిస్టు మిషను బోర్డు వద్ద లేదు. అప్పుడు ఆమె 1870 వేసవిలో ఊరూరా తిరిగి స్త్రీల మిషనెరీ సహాయక సమాజములను స్థాపించింది. కొద్ది నెలలలోనే అవి ముప్పైకి పైగా అయ్యాయి. ప్రార్థించుట, తమ కొద్దిపాటి సంపాదనలో నుండి కానుక తీసి పెట్టుట ఆ స్త్రీలు చేసిన పని. ఆ సంవత్సరమే నారిస్ బర్మాకు బయలుదేరింది.

1873లో అదే ప్రాంతపు బాప్టిస్టులు మరి ఏడుగురిని పంపారు. సయాము దేశములోని కరెను ప్రజల మధ్య పనిచేయవలెనన్నది వారి ఉద్దేశము. పంపిన సంఘములు ప్రార్థించినది కూడా ఆ ప్రజల కొరకే. అయితే సయాములోనికి వెళ్లి చూచినవారికి, తాము అనుకొన్నంత సంఖ్యలో కరెనులు అక్కడ లేరని తెలిసింది. ఏళ్ల ప్రార్థన, వేల మైళ్ల ప్రయాణము తరువాత దారి మూసుకుపోయింది.

అదే కాలములో కాకినాడలో మరొక తలుపు తెరచుకొని ఉన్నది. తంతితపాలా శాఖ ఉద్యోగమును విడిచి సువార్త పనిలో ప్రవేశించిన తోమాస్ గాబ్రియేలు అక్కడి పనికి సహాయము చేయమని కెనడా బాప్టిస్టులను కోరాడు. ఫలితముగా జాన్ మెక్లారిన్ 1874 మార్చి 12న కాకినాడ చేరాడు. 1875లో సయాము బృందమును కూడా తెలుగు దేశమునకు మార్చుటకు నిర్ణయమైంది. సాన్‌ఫర్డ్, చర్చిల్, ఆర్మ్‌స్ట్రాంగ్ కుటుంబములు ఈ విధముగా తెలుగువారి మధ్యకు వచ్చాయి. నారిస్ అప్పటికే విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వివాహమాడింది. వారిద్దరు కొంతకాలము శ్రీకాకుళ ప్రాంతములో పరిచర్య చేసి, ఆ తరువాత తిరిగి బర్మాకు వెళ్లారు. తరువాతి కాలములో ఆ మిషను పని బొబ్బిలి, భీమునిపట్నము, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేటల వరకు విస్తరించింది.

ఆ స్త్రీల ప్రార్థనకు జవాబు వచ్చిందా? కరెనుల కొరకు అడిగినట్లు రాలేదు. వారు 1870లో మోకాళ్లూనినప్పుడు టెక్కలి పేరు విని ఉండరు. అయినను ఈనాడు ఇక్కడ ఆరాధిస్తున్న సంఘములు ఆ ప్రార్థనకు బయట లేవు. ప్రార్థించువారు వేసిన పథకము చెదిరింది గాని ప్రార్థన వినిన దేవుడు మారలేదు. పథకమును నమ్మినవారైతే సయాములోనే నిరాశపడి ఓడ ఎక్కి వెనుకకు వెళ్లేవారు.

2. మనకంటె ముందుగా నడచిన దేవుడు

మిషను చరిత్రను మనము సాధారణముగా విదేశీయుల రాకతో మొదలుపెడతాము. అది సగము సత్యము. కెనడావారు రాకముందే లండను మిషనువారు 1805 నుండి విశాఖపట్నములో ఉన్నారు. అంతకంటె ముఖ్యముగా, ఈ నేలలో పుట్టినవాడే ఒకడు అప్పటికి పాడుచున్నాడు.

పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతములో జన్మించాడు. 1833లో కటకములో బాప్తిస్మము పొంది, సువార్తికుడుగా తిరిగి, తెలుగు క్రైస్తవులు నేటికీ పాడుకొనే కీర్తనలు రచించాడు. 1890లో ప్రభువునందు నిద్రించాడు. లెక్క చూడండి: నోవా స్కోషియా స్త్రీలు సమాజములుగా కూడినప్పటికి ఆయన బాప్తిస్మము పొంది 37 సంవత్సరములు గడచాయి.

విజ్ఞాపన చేయువారికి ఇది ఆదరణ. మనము ఒక ఊరి కొరకు, ఒక మనిషి కొరకు ప్రార్థన మొదలుపెట్టినప్పుడు దేవుని దృష్టిని మొదటిసారిగా అటు తిప్పుతున్నామని లోలోపల అనుకొంటాము. వాస్తవముగా ఆయన అప్పటికే అక్కడ ఉన్నాడు. మనము ఆయనను వెంట తీసికొని వెళ్లుట లేదు, ఆయన వెంట వెళ్తున్నాము. రోమా పత్రిక 8వ అధ్యాయములో పౌలు చెప్పినది ఇదే. ఎట్లు అడగాలో తెలియని మన బలహీనతలో ఆత్మ మన పక్షముగా విజ్ఞాపన చేస్తున్నాడు (26-27); క్రీస్తు దేవుని కుడి పార్శ్వమున మన కొరకు విజ్ఞాపన చేస్తున్నాడు (34). మన ప్రార్థన ఇప్పటికే సాగుచున్న ఆ ప్రార్థనలో చేరే ఒక గొంతు మాత్రమే.

3. ఒంగోలు కొండ: మనము చెప్పని మధ్యభాగము

విజ్ఞాపన గురించి తెలుగు ప్రసంగములలో ఎక్కువగా వినబడే చరిత్ర ఒంగోలుది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు వద్ద కొండ ఎక్కి ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. కొండ, సంఖ్య - ఈ రెండింటితోనే మన ప్రసంగము ముగుస్తుంది.

మధ్యలో ఏమి జరిగిందో మనము తక్కువగా చెబుతాము. కొండమీద ప్రార్థనకు, జాన్ క్లౌ ఒంగోలులో నివాసమునకు వచ్చుటకు మధ్య 12 సంవత్సరములు గడచాయి. ఆ మధ్యలో, 1862లో, నెల్లూరు మిషనునే మూసివేయవలెనన్న ఆలోచన అమెరికాలో బలపడింది. ఎవరు పంపినా పంపకపోయినా తాను తిరిగి వెళ్తానని జ్యూయెట్ పట్టుపట్టాడు. తరువాత 1876-78 కరవు వచ్చింది. ఆకలితో ఉన్నవారికి కూలి దొరకవలెనని క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరము తవ్వే పనిని గుత్తకు తీసికొన్నాడు. అన్నము కొరకు మతములో చేరినారన్న మాట రాకూడదని, సహాయము ఇచ్చుచున్నంత కాలము బాప్తిస్మములు నిలిపివేశాడు. 2,222 అనే సంఖ్య ఆ నిరీక్షణ తరువాత, ఆ తవ్వకము తరువాత వచ్చినది.

చరిత్రను ఎట్లు చెబుతామో అట్లే ప్రార్థిస్తాము. కొండ, సంఖ్య మాత్రమే విన్న విశ్వాసి తన చీటీకి వచ్చే ఆదివారమే జవాబు రావాలనుకొంటాడు. పన్నెండేళ్ల మౌనమును, కాలువ తవ్విన చేతులను కూడా విన్నవాడు వేచి ఉండుట నమ్మికలో భాగమని, ఆ వేచి ఉండుటలో చేయవలసిన పని ఉన్నదని నేర్చుకొంటాడు.

4. సోంపేట: మోకాళ్లు, చేతులు

ఆ పాఠమునకు మన ప్రాంతములోనే సాక్ష్యమున్నది. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషను నడిపిన ఆసుపత్రికి ఆరోగ్యవరము అని పేరు. (మదనపల్లె వద్ద క్షయరోగుల కొరకు వెలసిన ఆరోగ్యవరము వేరు.) అక్కడ సేవచేసిన వైద్యులలో కంటి శస్త్రచికిత్సలకు పేరు పొందినవాడు డాక్టరు బెన్ గల్లిసన్.

శుక్లములతో చూపు పోయినవారి కొరకు సంఘము ప్రార్థించుట ఒక పని. ఆ ప్రార్థన చేసినవారే శుక్లము తీయుటకు సిద్ధపడుట అదే పనిలో రెండవ సగము. ఆసుపత్రికి ఉన్న వనరులకంటె వచ్చే రోగుల సంఖ్య ఎక్కువయింది. గల్లిసన్ చేసిన విన్నపమునకు స్పందించి కల్గరీ పట్టణపు వ్యాపారి ఆర్ట్ జెన్కిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను మొదలుపెట్టాడు. సోంపేట ఆసుపత్రి అవసరము నుండి పుట్టిన ఆ సంస్థ తరువాత అనేక దేశములలో అంధత్వ నివారణకు పనిచేసింది.

శస్త్రచికిత్స చేయించుకొనుట అవిశ్వాసమని కొందరు నేటికీ బోధిస్తున్నారు. సోంపేట చరిత్ర వారికి మౌనముగా జవాబిస్తుంది. దేవుని నమ్మి ప్రార్థించినవారు వైద్యుని పంపమని అడిగారు. దేవుడు పంపిన వైద్యుని త్రోసివేయుట నమ్మిక అనిపించుకోదు.

5. ఉద్దానము: జవాబు ఆలస్యమైన వ్యాధి

సోంపేటలో వ్యాధి పేరు తెలుసు, చికిత్స తెలుసు, చేతులు మాత్రమే చాలలేదు. ఇప్పుడు మనము చూడవలసినది కారణమే తెలియని వ్యాధిని. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలోని కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య గ్రామములను కలిపి ఉద్దానము అంటాము. ఉద్యానవనము అన్న మాటనుండి ఆ పేరు వచ్చిందంటారు. అంత పచ్చని సీమలో దశాబ్దములుగా దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి మనుష్యులను తీసికొనిపోతున్నది. సాధారణముగా ఈ వ్యాధికి కారణమయ్యే మధుమేహము, రక్తపోటు లేనివారికి కూడా వస్తున్నది. భూగర్భ జలములోని సిలికా, భార లోహములు, పురుగుమందులు, ఎండలో శ్రమించువారి శరీరములో నీటి లోపము, నొప్పి మాత్రల అధిక వాడకము, వంశపారంపర్యము - ఇట్లు అనేక కారణములను పరిశోధకులు అనుమానించారు. ఇదమిత్థమని ఒక్క కారణము నిర్ధారణ కాలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశములలోను వ్యవసాయ కూలీల మధ్య ఇటువంటి వ్యాధియే కనబడింది.

దీనికి తోడు తుపానులు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపములో తీరము దాటినప్పుడు ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. డయాలసిస్ ప్రయాణములకు ఖర్చు పెట్టుచున్న కుటుంబములకు ఆధారముగా ఉన్న చెట్టు కూడా పోయింది.

ఇక్కడ మా స్వంత తప్పిదము ఒకటి చెప్పకుండా ఈ వ్యాసము ముందుకు సాగదు. సుమారు ఇరవై ఏళ్ల క్రితము, డయాలసిస్ కొరకు విశాఖపట్నము వరకు వెళ్లవలసిన రోజులలో, ఉద్దానములోని ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. ఇంటి యజమాని కొబ్బరి తోటలో కూలి. ఉపవాస ప్రార్థన చేసి, లేచేముందు ప్రభువు ఈయనకు స్వస్థత ఇచ్చియున్నాడని అందరి ముందు ప్రకటించాము. ఆ మాట నమ్మి వారు తరువాతి ప్రయాణము మానుకొన్నారు. కొద్ది వారములలో ఆయన మరణించాడు. భూస్థాపన అయిన తరువాత ఆయన భార్య మమ్మును నిందించలేదు. "అయ్యగారూ, మా ఆయనకు విశ్వాసము చాలలేదా?" అని మాత్రము అడిగింది.

ఆ దినమున మేము జవాబు చెప్పలేకపోయాము. దేవునియందు మేము ఉంచిన నమ్మిక ఆ ప్రకటనలో లేదని, మా మాట నెరవేరవలెనన్న ఆశ మాత్రమే ఉన్నదని తరువాత గ్రహించాము. మా మాటకు వచ్చిన అవమానమును చనిపోయినవాని విశ్వాసము మీద మోపుటకు ఆ ఇంటిలో అవకాశమిచ్చాము.

6. మోసేవారి విశ్వాసము

ఆమె ప్రశ్నకు లేఖనము జవాబిస్తుంది. మార్కు 2:1-12లో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. యేసు చూచినది వారి విశ్వాసమును అని సువార్తికుడు రాశాడు. మంచముమీద ఉన్నవానిని ఆయన విశ్వాస పరీక్ష చేయలేదు. యాకోబు 5:14-15లో కూడా రోగి చేయవలసినది పెద్దలను పిలిపించుకొనుట. విశ్వాస సహితమైన ప్రార్థన చేయవలసినది ఆ పెద్దలు. కాబట్టి విశ్వాసము చాలిందా అన్న ప్రశ్న మోసేవారికి చెందినది, మంచముమీద ఉన్నవానికి కాదు. ఇది ఎరిగిన కాపరి రోగిని నిందించలేడు.

మోసేవారి విశ్వాసమైనను ఏమిటి? వారు యేసుకు ఏమి చేయాలో చెప్పలేదు. వానిని ఆయన ముందు దించారు. తలుపు దగ్గర స్థలము లేదని తిరిగి ఇంటికి పోలేదు, కప్పు విప్పారు. అప్పగించుట, విడువకుండుట - ఈ రెండే అక్కడ విశ్వాసమనబడ్డాయి. ప్రభువు మొదట పలికినది కూడా వారు ఎదురుచూడని మాట, పాపక్షమాపణ మాట.

దావీదు తన బిడ్డ కొరకు ఏడు దినములు ఉపవాసముండి ప్రార్థించాడు, బిడ్డ మరణించింది, ఆయన లేచి మందిరమునకు వెళ్లి ఆరాధించాడు (2 సమూయేలు 12:16-20). అడుగుటలో వెనుదీయలేదు, అడిగినది దొరకనప్పుడు దేవుని విడువలేదు. పేతురు విషయములో ప్రభువు చేసిన విజ్ఞాపనను గమనించండి (లూకా 22:31-32). శోధన రాకూడదని కాక, అతని నమ్మిక తప్పిపోకూడదని వేడుకొన్నాడు. పేతురు ఆ రాత్రే పడిపోయాడు. ప్రార్థన మాత్రము వ్యర్థము కాలేదు.

అయితే స్వస్థత కొరకు అడుగుట మానవలెనా? మానకూడదు. ఈ తీరములో దేవుడు బాగుచేసినవారిని మేము ఎరుగుదుము. ధైర్యముగా, పేరు పెట్టి, స్పష్టముగా అడగాలి. అడుగుట మన వంతు, ఫలితమును ప్రకటించుట మన వంతు కాదు.

7. సంఘములు చేయదగిన కొన్ని పనులు

ఉద్దానపు మొర అరణ్యరోదనము కాలేదు. అనేకుల పోరాటము తరువాత ప్రాంతములోనే డయాలసిస్ కేంద్రములు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రము, హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు తాగునీరు తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకము ప్రారంభమయ్యాయి. వీటిని ప్రార్థనకు వచ్చిన జవాబులో భాగముగా స్వీకరించుటకు మనము సిగ్గుపడనక్కరలేదు. ఈ నేపథ్యములో తోటి కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఈ మాటలు మనవి చేస్తున్నాము.

మొదటిది, వైద్య పరీక్ష లేకుండా స్వస్థత ప్రకటించకండి. డయాలసిస్ గాని మందులు గాని మానమని ఎన్నడును చెప్పకండి.

రెండవది, ప్రార్థన చీటీలను ఒక పుస్తకములో ఎక్కించండి. మనిషి చనిపోయినప్పుడు పేరు కొట్టివేసి ఊరుకోక, దాని క్రింద భార్య పేరు, పిల్లల పేర్లు రాసి కొనసాగించండి.

మూడవది, మోసేవారిని నియమించండి. వారమునకు రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవారికి తోడుగా వెళ్లుటకు సంఘములో యౌవనస్థులు వంతులు వేసికొనవచ్చును. ఆసుపత్రి బల్లమీద నాలుగు గంటలు కూర్చుండుట కూడా విజ్ఞాపనయే.

నాలుగవది, మందిర ఆవరణలో రక్తపరీక్షల శిబిరములకు చోటివ్వండి. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు మింగవద్దని ప్రసంగ వేదికనుండే చెప్పండి.

ఐదవది, విలాపమునకు ఆరాధనలో చోటివ్వండి. కీర్తనల గ్రంథములో ఎంతకాలమని అడిగే ప్రార్థనలు అనేకము ఉన్నవి. సాక్ష్య సమయములో జవాబు పొందినవారితో పాటు ఇంకను వేచి ఉన్నవారికి కూడా మాట్లాడే అవకాశముండాలి.

ముగింపు

నోవా స్కోషియా స్త్రీలు సయాము కొరకు అడిగితే దేవుడు ఈ తీరమును చూపాడు. జ్యూయెట్ కొండ దిగిన తరువాత పన్నెండేళ్లు వేచి ఉన్నాడు. సోంపేటలో ప్రార్థించినవారు చికిత్స చేయుటకు చేతులు కూడా చాపారు. వీరెవరును ఫలితమును ముందుగా ఎరుగరు. తాము ఎవరికి అప్పగిస్తున్నారో ఎరుగుదురు. ఇతరుల కొరకు ప్రార్థించునప్పుడు దేవునియందు నమ్మిక అంటే ఇదేనని ఈ చరిత్ర మనకు చెబుతున్నది.

ఆ విధవరాలి యొద్దకు మేము కొన్ని నెలల తరువాత తిరిగి వెళ్లి, తప్పు మాదని ఒప్పుకొన్నాము. ఆయన విశ్వాసములో లోపము లేదని, మేము చెప్పకూడని మాట చెప్పామని చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి ఒక చీటీ తెచ్చి మా చేతికిచ్చింది. దానిమీద ఆమె పెద్ద కుమారుని పేరు ఉన్నది, పక్కన క్రియాటినిన్ అంకె ఉన్నది. ఈసారి మేము ఏమియు ప్రకటించలేదు. పేరు పెట్టి అడిగాము. మరునాడు అతనితో కలిసి ఆసుపత్రికి వెళ్లాము.